ఐదో ముడి

ఇది ఒక మహాకావ్యం. ఇందులో వంశం ఉంది, ద్రోహం ఉంది, ఒంటరి ప్రయాణం ఉంది, చనిపోయిన మనిషి రెండోసారి చనిపోవడం ఉంది, చివర రథం మీద తిరిగిరావడం కూడా ఉంది. పద్దెనిమిది పర్వాలకు సరిపడా సరుకు నా దగ్గర ఉందని తొమ్మిదేళ్ళుగా నమ్ముతూ వచ్చాను. లోపల అంత బరువుగా ఉండేది.

తీరా రాయడానికి కూర్చుంటే ఇది ఒక చీర కొంగుకు వేసిన ముడి సంగతి. రథమన్నది చెరుకు బండి. వంశమంటే మేము నలుగురం.

సరే, కావ్యం కాదు. అయినా బరువు తగ్గలేదు. పత్తి మూట మోయడం కష్టం కాదు, తడిస్తేనే కష్టం. ఇది ఏడాదికేడాది తడుస్తూ వచ్చింది.

పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు. బోధన్‌లో ఆ పేరున్నవాళ్ళు గల్లీకి ఇద్దరున్నారు, మిగతావాళ్ళ మీద ఉత్తపుణ్యానికి అనుమానం వస్తుంది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. ఇట్లాంటి మాట చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి చుట్టరికం నాకు దొరకలేదు.

మా అవ్వ పేరు లింబవ్వ. బాపుకు తల్లి. పుట్టింది భీమ్‌గల్ వైపు, ఇచ్చింది బోధన్‌కు. చక్కెర ఫ్యాక్టరీ వెనక గల్లీలో మా ఇల్లు. చెరుకు ఆడే నెలల్లో బాపు బాయిలర్ల దగ్గర పనిచేసేవాడు. కోటగిరి తొవ్వలో మాకున్న కొంచెం పొలంలో అమ్మ పసుపు చూసుకునేది. నేను నిజామాబాద్‌లో కాలేజీలో చేరి పీయూసీ చదివాను. చదివాను అంటే, మార్చిలో తప్పాను, సెప్టెంబరులో తప్పాను, మళ్ళీ మార్చి కోసం ఇంట్లో కూర్చున్నాను. రెండుసార్లూ ఒకే సబ్జెక్టు. మాట మీద నిలబడే మనిషిని.

గల్లీలో నాకున్న ఒకే ఆస్తి నవ్వించడం. పెళ్ళిలో ఏడుపు మొదలైతే నన్ను పిలిచేవాళ్ళు. చావులో ఏడుపు మొదలైతే నన్ను బయటికి పంపేవాళ్ళు. ఎవరు ఏ సంగతి గంభీరంగా చెప్పబోయినా, అది పూర్తయ్యేలోపు దానికి సూదిగుచ్చి గాలి తీయడం నా పని. ఆ పనిలో మాత్రం ఎప్పుడూ తప్పలేదు.

అవ్వకు మరుపు ఎప్పుడు మొదలైందో మాకు తెలియదు. తెలియకపోవడానికి కారణముంది. అప్పుడప్పుడే శేర్లు పోయి కిలోలు వచ్చాయి, అణాలు పోయి నయా పైసలు వచ్చాయి. ఊరంతా ప్రతి మాటా రెండుసార్లు అడిగేది. అంగట్లో నిలబడి ముసలివాళ్ళూ పడుచువాళ్ళూ ఒకే రకంగా వేళ్ళు మడిచి బిత్తరపోయేవాళ్ళు. అందుకే అవ్వ రెండుసార్లు అడిగితే ఎవరికీ వింత కాలేదు. మూడోసారి అడగడం మొదలుపెట్టాక చూశాం. అప్పటికి ఊరు కిలోలు నేర్చుకుంది. అవ్వ ఉప్పు రెండుసార్లు వేయడం నేర్చుకుంది. ఒకరోజు పొయ్యి మీద ఎసరు పెట్టి మరిచిపోతే గిన్నె అడుగు ఊడి వచ్చింది. ఇంకోరోజు బాపుకు అన్నం డబ్బా తీసుకుని బయలుదేరి, ఇరవై ఏళ్ళుగా నడిచిన తొవ్వలో, మూడు మలుపుల దూరంలో, ఎటు పోవాలో తెలియక నిలబడిపోయింది.

అమ్మ భయపడింది. ఇక అవ్వను పొయ్యి దగ్గరికి రానివ్వననీ, డబ్బా నన్ను తీసుకుపొమ్మనీ చెప్పింది. అడ్డం పడింది పక్కింటి చాంద్‌బీ. గాజులమ్ముకునే మనిషి, మేము ఖాలా అనేవాళ్ళం. వాళ్ళ అత్తకు కూడా చివరి రోజుల్లో ఇదే మరుపు.

"పని గుంజుకోకు బేటీ" అంది మా అమ్మతో. "మా సాస్‌కు నేను గదే జేసిన. పాపం ముసల్ది, ఎందుకు కష్టపెట్టాలె అని కూసోబెట్టిన. కూసున్నది. ఇగ లేవలే. పనే ఆమెను పట్టుకొని ఉండె, నాకు సమజ్ గాలే."

ఆ మాట ఆరోజు నేనూ విన్నాను. గడపలో కూర్చుని జామకాయ తింటున్నాను. బాగా విన్నాను. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. తెలియక చేశాను అని తర్వాత ఎక్కడైనా అన్నానంటే నమ్మొద్దు.

మా వైపు ఆడవాళ్ళు ఏదైనా మరిచిపోకూడదనుకుంటే కొంగు చివర ఒక ముడి వేసుకుంటారు. పని కాగానే విప్పుతారు. మీ ఇంట్లో కూడా వేసే ఉంటారు. ఖాలా, అమ్మ కలిసి ఆ అలవాటునే ఒక పద్ధతి చేశారు. అవ్వ పనులు నాలుగే. రొట్టెలు చేయడం, పొయ్యి ఆర్పడం, డబ్బా తీసుకుపోవడం, పోయేటప్పుడు తలుపుకు గొళ్ళెం పెట్టడం. పొద్దున పొలానికి పోయేముందు అమ్మ అవ్వకు ఎదురుగా కూర్చునేది. అవ్వ ఒక్కొక్క పనీ పైకి చెప్పి, తన చేత్తోనే ఒక్కొక్క ముడి వేసుకునేది. ముడి లోపల ఒక గుర్తు. రొట్టెలకు నాలుగు జొన్నగింజలు. పొయ్యికి బొగ్గు ముక్క. డబ్బాకు పోకవక్క, బాపు వక్క నములుతాడు కాబట్టి. గొళ్ళేనికి చిన్న ఇనుప మేకు. వేళ్ళతో తడిమితే ఏ పని మిగిలిందో తెలిసేది. పని కాగానే ముడి విప్పి, గుర్తును గూట్లో ఉన్న గురిగిలో వేసేది. అరచేతిలో ఇమిడే మట్టి గురిగి. పొద్దు వాలేసరికి నాలుగు గుర్తులు గురిగిలో ఉండాలి, కొంగు ఖాళీగా ఉండాలి. అమ్మ వచ్చి గురిగిలోకి తొంగి చూసేది. అంతే పరీక్ష.

దీనికి తోడు అమ్మ ఒక చట్టం చేసింది. ఇంట్లో ఏ వస్తువూ తావు మారకూడదు. డబ్బా ఒకే కొక్కేనికి, అగ్గిపెట్టె ఒకే మూలకు, గురిగి ఒకే గూటికి. ఒకసారి బాపు తన అంగీ డబ్బా కొక్కేనికి తగిలించి తిట్లు తిన్నాడు. సీజన్లో బాయిలర్ ముందు నిలబడే మనిషి, ఆ వేడికి భయపడనివాడు, కొక్కెం దగ్గర భయపడేవాడు.

నాకూ ఒక పని చెప్పారు. పగలు ఇంట్లో ఉండి అవ్వను కనిపెట్టుకుని ఉండాలి. సాయం చేయకూడదు. అడిగితేనే చెప్పాలి. అడిగినప్పుడు నిజం చెప్పాలి. ఇది ఖాలా పెట్టిన షరతు. "ఆమెకు తన మీద భరోసా తక్కువైతాంది. మన మీదనన్న ఉండాలె" అంది.

పద్ధతి పనిచేసింది. ఎంత బాగా పనిచేసిందంటే, మధ్యాహ్నం పన్నెండు సైరను కూసేసరికి అవ్వ డబ్బాతో ఫ్యాక్టరీ గేటు ముందుండేది. గేటు దగ్గరి చౌకీదారు, సైరను ముందా ముసలమ్మ ముందా అని పక్కవాళ్ళతో పందెం వేసేవాడట. మూడు నెలల్లో ఒక్క ముడి తప్పలేదు. అవ్వకు నిన్న ఏం తిన్నదో గుర్తులేదు. నా పేరు రోజుకు రెండుసార్లు మా చిన్నాయన పేరయ్యేది. కాని ఆ నాలుగు పనులు ఆమెవి. పొద్దు వాలాక ఖాళీ కొంగు దులిపి భుజం మీద వేసుకునేటప్పుడు ఆమె ముఖంలో ఉన్నది నేను చూశాను. జీతం తీసుకుని ఇంటికి వచ్చేటప్పుడు మగవాళ్ళ ముఖాల్లో ఉంటుంది అది.

బాపు నన్ను ఎత్తిపొడవడానికి కొత్త సామెత దొరికింది. "ముసల్ది నాలుగు ముడులు యాది పెట్టుకుంటాంది. నువ్వు నాలుగు పాఠాలు యాది పెట్టుకోవైతివి." అన్నం తినేటప్పుడల్లా అనేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. "నాకు లుంగీయే గద బాపు, కొంగు లేకపాయె" అనేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్ళు. అవ్వ కూడా.

ఆ నవ్వు కింద ఏముందో అప్పుడు చూసుకోలేదు. ఇప్పుడు చూస్తున్నాను. అసూయ. మతి పోతున్న డెబ్బై ఏళ్ళ ముసలిదాని మీద, పంతొమ్మిదేళ్ళవాడికి అసూయ. ఇంతకంటే హీనమైన అసూయ ఎవరికైనా ఉండి ఉంటుందా? ఉంటే ఆయన చిరునామా నాకు కావాలి, తోడుగా ఉంటాడు.

ఆ రోజు. చెరుకు ఆడకం నడిమధ్యలో ఉంది. రోడ్డు పొడుగునా బండ్లు, గల్లీ అంతా చెరుకు మడ్డి వాసన. అవ్వ నాలుగు పనులూ ముగించింది. గురిగిలో నాలుగు గుర్తులు పడ్డాయి. అరుగు మీద చాప వేసుకుని పడుకుంది. కొంగు అరుగు కిందికి వేలాడుతోంది. నేను లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని ఆ కొంగును చూస్తున్నాను.

వేశాను. అంతే. చూస్తూ చూస్తూ ముడి వేశాను. లోపల ఏమీ పెట్టలేదు. ఎందుకు అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. అవ్వ లేచి తికమకపడితే ఒక నిమిషం నవ్వుకోవచ్చు, సాయంత్రం హోటల్లో చెబితే ఇంకొక నలుగురు నవ్వుతారు, అప్పుడు విప్పేయవచ్చు. ఇంత చిన్న లెక్క. ఆ ఒక్క లెక్కలో నేను పాసవుతాననుకున్నాను.

అవ్వ లేచింది. ముఖం కడుక్కుంది. కొంగుతో తుడుచుకోబోయి ఆగింది.

"కొడుకా, గిదేంది?"

"ముడి."

"ముడని నాకెరుకే. దేనికేసిన?"

"నువ్వేసుకున్నదానికి నన్నడిగితె ఎట్లనే అవ్వా."

ఆమె పోయి గూట్లోంచి గురిగి తెచ్చుకుంది. నా ముందే కూర్చుని ఒక్కొక్కటీ నేల మీద పెట్టింది. జొన్నలు. బొగ్గు. వక్క. మేకు. "నాలుగు పనులైనయి. నాలుగు ఈడనే ఉన్నయి. మరి గిది?" ముడిని వేళ్ళ మధ్య నలిపింది. "గిండ్ల ఏం లేదు. ఉత్త ముడి నేనెందుకేస్త?"

నేను పుస్తకం అడ్డం పెట్టుకున్నాను. నవ్వు వస్తోంది.

ఆమె ఒక చివర పట్టుకుని లాగింది. మళ్ళీ లాగింది. అప్పుడు నా వైపు చూసింది. ఆ చూపులో మరుపు లేదు. పాత లింబవ్వ చూసింది.

"కొడుకా, గిది నా ముడి గాదు."

"మరెవలదే?"

"నా ముడి కొస గుంజితె ఊడొస్తది. గిది గుంజితె బిగుసుకుంటాంది. గిది ఎవలో ఏసిన్రు."

అక్కడ, ఆ మాట దగ్గర, నాకు తొవ్వ ఉండింది. అవ్వా, నేనే వేశాను, సరదాకు వేశాను అంటే ఆమె నా వీపు మీద ఒకటి వేసేది. కథ అయిపోయేది. ఆమె గెలిచింది కదా. మతి పోయిందని అందరూ అనుకుంటున్న మనిషి, చేతివేళ్ళతో దొంగను పట్టుకుంది. నాకు అది నచ్చలేదు. సూదిగుచ్చేవాడికి సూది గుచ్చుకుంది.

"ఎవలేస్తరే? నువ్వు పండుకుంటె దొంగలొచ్చి ముడేసి పోయిన్రా? నువ్వే ఏసుకున్నవ్. మరిచిపోయినవ్. నేను సూసిన గద."

"నువ్వు సూసినవా?"

"సూసిన."

ఆమె తన చేతుల వైపు చూసుకుంది. అవి ఎవరివో అన్నట్టు.

"గట్లయితె నేనే ఏసుకున్న గావచ్చు."

నేను చేసిన తప్పు ముడి అని ఇన్నేళ్ళు నాకు నేను చెప్పుకున్నాను, ఎందుకంటే ముడి చిన్నది, సరదా, పంతొమ్మిదేళ్ళవాళ్ళు ఇంతకంటే పెద్ద అల్లర్లు చేసి పెద్దవాళ్ళవుతారు. కాదు. తప్పు ఆ "సూసిన". ఆమెకు మిగిలినవి రెండే. తన వేళ్ళు, మా మాట. ఒకదాన్ని పెట్టి ఇంకొకదాన్ని కొట్టాను.

తర్వాత నేనేం చేశానో చెప్పాలి. ఆమెను కనిపెట్టుకుని ఉండాల్సిన వాణ్ణి, ఆమెను ఆ ముడితో అరుగు మీద వదిలి హోటలుకు పోయాను. అక్కడ అవ్వ గొంతుతో, అవ్వ చేతులతో ఆ సంగతంతా ఆడి చూపించాను. బాగా పండింది. ఒకడు చాయ్ పొలమారి దగ్గాడు. మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను.

ఇంటికి వస్తే తలుపుకు గొళ్ళెం పెట్టి ఉంది. చక్కగా పెట్టి ఉంది. అవ్వ లేదు.

పొలం నుంచి గట్ల మీదుగా అమ్మ వచ్చింది, డ్యూటీ దిగి బాపు వచ్చాడు. బాపు సైకిలు మీద స్టేషన్ వైపు, నేను గేటు వైపు, ఖాలా మసీదు వైపు వెతికాం. ముసలమ్మ ఇటు మళ్ళీ రాలేదన్నాడు గేటు దగ్గర చౌకీదారు. బండ్ల వరసలో ఒక్కొక్కరినీ అడుగుతూ పోయాను. అడగడానికి గుర్తులు చెప్పాలి కదా. తెల్ల వెంట్రుకలు, నీలం నూలుచీర. కొంగుకు ముడి ఉంటుంది అని చెప్పబోయి మింగాను.

కథల్లో అయితే ఇక్కడ ఆమె కాలువలో పడాలి. పడలేదు. పొద్దు గూకకముందే కోటగిరి వైపు నుంచి వచ్చిన ఒక చెరుకు బండి మా గల్లీ మొగదల ఆగింది. మోపుల మీద, అందరికంటే ఎత్తున, అవ్వ కూర్చుని ఉంది. కాలికి ఒక తుమ్మముల్లు. నష్టం అంతే.

"ఎవల తల్లో గని, కాలువ మోరి మీద కూసున్నది" అన్నాడు బండాయన. "యాడికవ్వా అంటె చెల్లెను సూడవోతన్న అంటది. కోటగిరి తొవ్వ ఇదే గదా అని నన్నే అడుగుతది. మోపుల మీదికెక్కియ్యాలంటె నా నడుమిరిగింది."

అరుగు మీద కూర్చోబెట్టి బాపు ముల్లు తీస్తుంటే, ఎందుకు పోయినవని అమ్మ అడిగింది. అవ్వ చెప్పింది. ఆ జవాబు నేను మరిచిపోవాలని చాలా ప్రయత్నించాను. మరుపు అడిగినవాళ్ళకు రాదు.

"ముడిల ఏం లేకపాయె. ఏం లేదంటె అది పని గాదు, వస్తువు గాదు. మనిషైతది. మనిషిని ముడిల ఎట్ల గడతం? అందుకే ఉత్తగ ఏసుకున్న అనుకున్న. ఎవల్ని మరిచిపోయిన్ననో ఆలోచన జేసిన. పోశవ్వ యాదికొచ్చింది. పసుపు ఆరంగనే వస్త అని దానికి మాటిచ్చిన."

చూడండి, ఎంత సరిగ్గా ఆలోచించిందో. నా పీయూసీ లెక్కల్లో ఇంత తిన్నని వరస ఒక్కటి కూడా లేదు. మొదటి మెట్టు మాత్రమే తప్పు. అది నేను వేసిన మెట్టు.

పోశవ్వ ఆమె చెల్లెలు. కోటగిరికి ఇచ్చారు.

"పోశవ్వ యాడిదత్తా" అంది అమ్మ, మెల్లగానే అంది. "పోయి ఐదేండ్లాయె. మనమందరం పోతిమి గద."

"పోయిందా?"

"పోయింది."

"నాకెవలు జెప్పలే."

ఏడ్చింది. ఐదేళ్ళ కింద ఒకసారి ఏడ్చి ముగించిన ఏడుపును మళ్ళీ మొదటి నుంచి ఏడ్చింది. చిన్నప్పటి నుంచి చెల్లెలితో చేసిన పనులన్నీ ఒక్కొక్కటీ చెప్పి ఏడ్చింది. అవన్నీ బాగానే గుర్తున్నాయి ఆమెకు.

ఖాలా ఆ ముడి విప్పడానికి కూర్చుంది. గాజుల దారాలు కట్టీ విప్పీ అలవాటైన వేళ్ళు. విప్పలేక పంటితో లాగింది. "గింత గట్టిగ లింబవ్వ ఎప్పుడు ముడెయ్యలే" అంది. తలెత్తి నన్ను చూసింది. నేను ఫ్యాక్టరీ పొగగొట్టం చూశాను. దానిలోంచి పొగ వస్తోంది. ఎప్పుడూ వస్తుంది.

"ఇగ బంద్ జెయ్యుండ్రి ముడులు గిడులు" అన్నాడు బాపు. "తనే ఏసుకొని తనే మరిచిపోతాంది. రేపు బండి కింద పడితె?"

అవ్వ తలూపింది. "అవ్, నేనే ఏసుకున్ననంట. మనుమడు సూసిండు."

అందరూ నా వైపు తిరిగారు. రెండో తొవ్వ ఇది. ఇంత వెడల్పున తెరుచుకుంది. నేను నోరు తెరిచాను. ఏం వచ్చిందో తెలుసా?

"ఈసారి పరీక్షకు నా బదులు అవ్వను పంపుదాం బాపు. ఇద్దరం రాసేది ఒక్కటే."

నవ్వారు. భయం మీద నుంచి దిగిన మనుషులు కాబట్టి మామూలు కంటే ఎక్కువే నవ్వారు. కళ్ళు తుడుచుకుంటూ అవ్వ కూడా నవ్వింది. ఖాలా నవ్విందో లేదో చూడలేదు. ఆ నవ్వుతో సంగతి మూతపడింది. మూత నేనే పెట్టాను, గట్టిగా పెట్టాను. నా ముడులూ మూతలూ గట్టివి.

మర్నాటి నుంచి రొట్టెలు అమ్మ చేసింది. డబ్బా నేను తీసుకుపోయాను. గురిగి గూట్లోంచి ఎటు పోయిందో ఎవరూ చూడలేదు. ఖాలా రెండు మూడుసార్లు, మళ్ళీ మొదలుపెడదాం, రెండు ముడులతోనైనా, అంది. అమ్మ ఒకసారి ప్రయత్నించింది కూడా. అవ్వ ముడి వేయబోయి ఆగి నన్ను అడిగింది. "గిది నేనే ఏస్తున్ననా, సూడు." నువ్వే వేస్తున్నావు అన్నాను. ఆమె నమ్మింది, కాని ముడి వేయలేదు. కొంగు జారవిడిచింది. వేళ్ళు మాత్రం ఆగేవి కావు. ఊరికే కూర్చున్నప్పుడు ఆ చివర పట్టుకుని సగం మెలి తిప్పేవి, వదిలేసేవి.

పన్నెండు సైరను కూస్తే లేచి నిలబడేది. చేతిలో డబ్బా ఉండేది కాదు. కాసేపు నిలబడి కూర్చునేది. కొన్ని నెలలకు ఏ సైరను కూసినా లేచేది. తర్వాత ఏదీ లేపలేకపోయింది. రెండేళ్ళకు జ్వరం వచ్చి అవ్వ పోయింది. వయసైపోయింది అన్నారు అందరూ. డాక్టరూ అదే అన్నాడు. నేనూ అదే అన్నాను, దినాలకు వచ్చిన చుట్టాలతో.

నా తరఫున నేనే వకీలునై చాలాసార్లు వాదించుకున్నాను. మరుపు నేను తెచ్చింది కాదు. ముడులు ఎంతకాలమని పనిచేస్తాయి? ఇంకో ఆరు నెలలు, మహా అయితే ఏడాది. ఎప్పుడో ఒకనాడు ఆమే ఏదో ఒక ముడి తప్పేది, ఎప్పుడో ఒకనాడు కూర్చోబెట్టేవాళ్ళు. వాదన బాగుంది. తప్పు పట్టలేను. కాని ఆ ఆరు నెలలు ఎవరివి? సీజను పూర్తయ్యేదాకా డబ్బా మోసి, చివరి రోజు చౌకీదారుతో, మళ్ళొచ్చే సీజనుకు వస్త అని చెప్పి రావలసిన మనిషి ఎవరు? ఈ ప్రశ్న దగ్గర వకీలు పుస్తకం మూసి ఇంటికి పోతాడు.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఇక్కడ నన్ను మంచివాడంటున్నారు. దాన్ని తట్టుకోలేకపోతున్నాను. పీయూసీ మూడోసారి కూడా తప్పాక నిజామాబాద్ వచ్చి, కంఠేశ్వర్‌లో ఒక డాక్టరు దగ్గర కంపౌండరుగా కుదిరాను. మతిమరుపు ముసలివాళ్ళను తీసుకుని కోడళ్ళు, కొడుకులు వస్తారు. డాక్టరు టానిక్ రాస్తాడు. నేను టానిక్ సీసా కట్టిస్తూ ఖాలా మాటలు చెబుతాను. పని గుంజుకోకండి. నాలుగు పనులు మిగల్చండి, ఒకే వేళకు, ఒకే వరసలో. వస్తువులు తావు మార్చకండి. గుర్తు వాళ్ళ చేత్తోనే పెట్టించండి. అడిగితే నిజం చెప్పండి. ఈ చివరిది చెప్పేటప్పుడు సీసా మీద చీటీ సరిగ్గా అంటిందా లేదా అని చూస్తూ ఉంటాను.

పోయిన నెల ఒక కోడలు మళ్ళీ వచ్చింది. వాళ్ళ మామ ఇప్పుడు పొద్దున్నే తనే బర్రెకు నీళ్ళు పెడుతున్నాడట, తనే కట్టేస్తున్నాడట. "మీ పున్నెం అన్నా. గిదంత మీకెట్ల ఎరుక? మీ ఇంట్ల ఎవలన్న ఉండెనా?" అని అడిగింది.

"ఉండె. మా అవ్వ. మస్తు బాగ జూసుకున్నం" అన్నాను.

మళ్ళీ అదే. మూడో తొవ్వ కూడా దాటేశాను. ఆ రోజు నుంచి అన్నం సరిగ్గా పోవడం లేదు.

ఖాలా ఇంకా ఉంది. ఇప్పుడు నిజామాబాద్‌లోనే, బజారులో గాజులమ్ముతుంది. కళ్ళు ఆనడం లేదంటారు. చెప్పాలంటే ఆమెకే చెప్పాలి. దూరం నుంచి ఆమె బుట్ట కనబడితే సైకిలు దిగి, పక్క గల్లీలోంచి నడిపించుకుంటూ పోతాను. ఆమె క్షమిస్తుందని భయం. క్షమించదని కూడా భయం. ఎక్కువ ఏదో తేల్చుకోలేదు.

అందుకని మీకు చెప్పాను. ముడి నేను వేశాను. అవ్వ వేళ్ళు చెప్పింది నిజం. నేను చూశానన్నది అబద్ధం. మూడు వాక్యాలు. వీటికి తొమ్మిదేళ్ళు పట్టింది. మీరేమీ అనక్కర్లేదు. రాసి ఒకసారి చదువుకున్నాను, ఊపిరి కొంచెం కిందిదాకా పోయింది. అంతవరకే.

ఆ నీలం చీర ఏ పెట్టెలోనో మడత పెట్టి దాచుకున్నానని మీరు అనుకోవచ్చు. లేదు. అవ్వ పోయిన ఏడాదికి అమ్మ దాన్ని చింపి గిన్నెలు దించే మసిగుడ్డలు చేసింది. కొంగు ముక్క నా వంతుకు వచ్చింది. దానితో సైకిలు తుడుస్తాను. పాత నూలు, గొలుసు మీది నూనె బాగా పీలుస్తుంది.